విరిచాకే పారెయ్యాలి

ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో అందరూ అతన్ని డాక్టరనే పిలిచేవారు. చదివి తెచ్చుకున్న పట్టా ఏమీ కాదది. దారం తెంపుకునే మెషీనుకైనా, నూనె కక్కే మోటారుకైనా మందు అతని దగ్గరే దొరికేది. పైగా మెషీనుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినే అలవాటొకటి. విని, తలాడించి, "బతుకుతుంది" అనో "పోయింది" అనో తేల్చేసేవాడు. అతను పోయిందన్నాక ఆ మోటారు తిరగగలిగినా మొహమాటానికి తిరగదని కుట్టుపని అమ్మాయిలు నవ్వుకునేవారు. ఆ నవ్వులు అతనికి బాగానే ఉండేవి. పొగిడితే ఎవరికి చేదు? ఆ తేల్చెయ్యడమే ఒకనాడు కొంప ముంచుతుందని అతనికీ తెలీదు, నవ్వినవాళ్ళకీ తెలీదు.

వర్క్‌షాపు అతని అన్నయ్యది, ఆయన ఇంట్లోనే. వీధి వైపు గదిలో కంప్యూటరు, గోడకవతల పొడుగాటి గదిలో మెషీన్లు. ఆసుపత్రి కోట్ల మీద పేర్లు, ఆటల జట్ల చొక్కాల మీద గుర్తులు, హోటలు తువ్వాళ్ళ అంచుల్లో తీగలు, అన్నీ అక్కడే కుట్టేవారు. కంప్యూటరులో బొమ్మ గీసేది అన్నయ్య, మెషీన్లు చూసుకునేది తమ్ముడు. అన్నయ్యంటే డాక్టరుకి భయమూ ఉంది, ప్రాణమూ ఉంది. ఎదురు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు.

అన్నయ్య పెట్టిన రూలు ఒకటుంది. పోయిన భాగాన్ని విరిచాకే పారెయ్యాలి. వెనకటికి అరిగిపోయిన పళ్ళచక్రం ఒకటి సొరుగులో పడుంటే, ఎవరో మంచిదనుకుని మెషీనుకు బిగించారు. తెల్లారేసరికి ఒక జట్టు చొక్కాలన్నీ గుండెల మీద చిల్లులతో తేలాయి. ఆ రోజు అన్నయ్య ఎవర్నీ తిట్టలేదు. కిటికీ పక్కన మేకు కొట్టి దానికి కటింగ్ ప్లేయరు తగిలించాడు, కింద రేకు డబ్బా పెట్టాడు. "చచ్చినదాన్ని చూసి బతికుందని ఎవడూ ఆశపడకూడదు" అన్నాడు. అప్పట్నుంచీ విరిగిన సూదులు మరింత విరిగి, పాడైన బెల్టులు తెగి, కాలిపోయిన సర్క్యూట్ పలకలు ముక్కలై ఆ డబ్బాలో పడేవి. డాక్టరు ఆ పనిని పూజలా చేసేవాడు.

ఆ అన్నయ్యే కిందటేడు ఒక పొద్దున మంచం మీంచి లేవబోయి కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. "ఆఁ" అన్న ఒక్క శబ్దం మిగిలింది. ఆకలైనా "ఆఁ", నొప్పైనా "ఆఁ", వద్దన్నా "ఆఁ". ఎవరేం చెప్పినా అర్థమయ్యేది, అది కళ్ళలో తెలిసేది. కానీ చదవడం కూడా పోయింది. పేపరు ఒళ్ళో పెడితే అక్షరాల మీద వేలు జరిపి, తన ఇంట్లోకి తనను రానివ్వనట్టు మొహం పెట్టేవాడు.

ఒకరోజు వదిన గది తుడుస్తూ, అడ్డం లేకుండా ఆయన్ని కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. ఎడమ చెయ్యి దానంతటది కీబోర్డు మీదికి పాకింది. ఏ మీట తరవాత ఏ మీటో చూసుకోకుండానే నొక్కుకుంటూ పోయింది. తెర మీద ఒక ఆకు తెరుచుకుంది. అంచు కుట్లు బిరుసుగా ఉన్నాయి. అన్నయ్య వాటిని సరిచేశాడు. వదిన తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నా తెలియలేదు. మాట మర్చిపోయిన మనిషి, అక్షరం మర్చిపోయిన మనిషి, బొమ్మలు గీసే ఆ ఒక్క ప్రోగ్రాం మాత్రం మర్చిపోలేదు. చదివి కాదు, చేతి వాటంతో.

ఆ రోజు నుంచి ఇల్లు కాస్త ఇల్లయింది. పొద్దున్నే అన్నయ్య కుర్చీలో కూర్చునేవాడు. మెల్లగా, ఒంటిచేత్తో ఒక పువ్వో, రెక్కో సవరించేవాడు. చివరి మీట నొక్కితే బొమ్మ తీగలోంచి గోడ దాటి వెళ్ళేది, అవతల గదిలో మెషీను టకటకా మొదలయ్యేది. ఆ చప్పుడు వినగానే అన్నయ్య తలతిప్పి తమ్ముడి వైపు చూసేవాడు. ఆ చూపులో పాత అన్నయ్య ఉండేవాడు, తప్పు కుడితే తాట తీసే అన్నయ్య. ఆ చూపు కోసమే డాక్టరు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కాచుకునేవాడు.

అయితే కంప్యూటరుకి వయసు మీదపడింది. మీట నొక్కితే తెర కదలడానికి బద్ధకించేది. తన చెయ్యే తప్పిందనుకుని అన్నయ్య మళ్ళీ నొక్కేవాడు. అంతలో మొదటిదీ రెండోదీ కలిసొచ్చి బొమ్మంతా చెదిరిపోయేది. ఒకరోజు అలా చెదిరిపోతే బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. అది చూశాక డాక్టరు మనసు ఆగలేదు.

"వదినా, సిస్టం మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిస్తాను. అన్నయ్య మీట నొక్కేలోపే బొమ్మ వచ్చి నిలబడుతుంది చూడు."

"ఆయన బొమ్మలు పోవు కదా?"

"నేనేమైనా పిల్లాణ్ణా? అన్నీ వేరే డ్రైవులో దాచాను. ప్రోగ్రాం డిస్కు కూడా బీరువాలో ఉంది."

నిజమే, అన్నీ దాచాడు. బొమ్మ ఒక్కటి పోలేదు. అతని జాగ్రత్తకు వంక పెట్టడానికి లేదు, అదే మన ఖర్మ.

పాత సిస్టం చెరిపేసి కొత్తది ఎక్కించాడు. తెర తళతళలాడింది. కానీ నెట్‌వర్క్ లేదు. నెట్‌వర్క్ లేకపోతే మెషీనుకు బొమ్మ వెళ్ళదు. తీగ ఊడదీసి పెట్టాడు, తీగ మార్చాడు. మోడెం వెనక బెజ్జంలో పిన్ను గుచ్చి, దీపాలన్నీ ఆరి మళ్ళీ వెలిగేదాకా నొక్కిపట్టాడు. ఊహూఁ. కంప్యూటరులో భాగాల జాబితా తెరిస్తే, తీగ గుచ్చే నెట్‌వర్క్ కార్డు ఉండాల్సిన చోట పసుపుపచ్చ గుర్తొకటి వెక్కిరిస్తోంది. కార్డుకి డ్రైవర్ కావాలట. అంటే ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో సిస్టానికి నేర్పే చిన్న ప్రోగ్రాం. ఎక్కడ దొరుకుతుంది? నెట్‌లో. నెట్ రావాలంటే? డ్రైవర్ కావాలి. డాక్టరు బుర్ర గోక్కున్నాడు. ఇలాంటి ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో కనిపిస్తే రెండు మాటలు అడగాలనిపించింది.

ఫోనులో డ్రైవర్ దించి పెన్ డ్రైవులో పోసి తెచ్చాడు. సరిపడలేదు. ఇంకోటి తెచ్చాడు. అది తెరని నీలంగా మార్చి సిస్టాన్ని పడుకోబెట్టింది. అసలు కార్డు ఏ రకమో చూద్దామని కంప్యూటరు పెట్టె విప్పాడు. కార్డు మీద దుమ్ము మేటలు వేసింది. దూదికి స్పిరిట్ అద్ది, మెషీను సూదుల్ని తుడిచినంత శ్రద్ధగా తుడిచాడు. దుమ్ముతో పాటు కార్డు వివరాలున్న స్టిక్కరు మీది సిరా కూడా దూదికి అంటుకుని వచ్చేసింది. తెల్ల కాగితం మిగిలింది. ఏ డ్రైవర్ వెతకాలో ఇక దేవుడికే తెలియాలి. కార్డుని మళ్ళీ గుచ్చాడు, పక్క బెజ్జంలో గుచ్చాడు. వెనక వెలగాల్సిన చిన్న దీపం వెలగలేదు. తల ప్రాణం తోకకొచ్చాక, నవ్వకండి, దానికి కూడా చెవి ఆనించి విన్నాడు.

"పోయింది" అన్నాడు.

బజారుకెళ్ళి కొత్త కార్డు తెచ్చాడు. పాతదాన్ని ఊడబీకి, మేకుకున్న ప్లేయరు అందుకున్నాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అన్నయ్య అతని చేతిలో కార్డుని చూడగానే "ఆఁ" అన్నాడు.

"అవునన్నయ్యా, ఇదే. మనల్ని ఏడిపించింది ఇదే."

"ఆఁ! ఆఁ!" అన్నయ్య కుర్చీలోంచి లేవబోయాడు. లేవలేక, ఎడమ చెయ్యి చాచి తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో అంత బలముందని డాక్టరు అనుకోలేదు. సంబరపడిపోయాడు.

"చూశావా వదినా, అన్నయ్య హుషారు! రూలు మర్చిపోలేదు. ఏం, నువ్వే విరుస్తావా అన్నయ్యా? సరే, నీ చేత్తోనే కానీ."

ప్లేయరు అన్నయ్య చేతిలో పెట్టాడు. అన్నయ్య దాన్ని చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. విసిరికొట్టాడు. అది రేకు డబ్బాకి తగిలి ఖంగుమంది.

వదిన వంటగదిలోంచి వచ్చింది. "ఆయనకేదో నచ్చట్లేదు. కాసేపు ఆగరాదూ?"

"ఆకలేస్తోందేమో చూడు వదినా. పొద్దుటి నుంచీ పనిలేక కూర్చున్నాడు, చిరాకు రాదూ మరి?"

ప్లేయరు ఏరుకుని, కార్డు నడుమ నల్లటి చిప్ దగ్గర గట్టిగా పట్టి వంచాడు. బిస్కెట్టు విరిగినట్టు టక్కుమంది. రెండు ముక్కలూ డబ్బాలో పడ్డాయి. అన్నయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చిరాకు తగ్గింది కాబోలనుకున్నాడు మన డాక్టరు.

కొత్త కార్డు గుచ్చగానే దీపం వెలిగింది, నెట్ వచ్చింది, అవతల మెషీను కూడా పలికింది. డిస్కు పెట్టి ప్రోగ్రాం ఎక్కించాడు. అన్నయ్యని చక్రాల కుర్చీతో సహా తోసుకొచ్చి తెర ముందు పెట్టాడు. "ఊఁ, కానియ్యి" అన్నాడు.

అన్నయ్య చెయ్యి ఎత్తలేదు. డాక్టరే ప్రోగ్రాం తెరిచాడు. బొమ్మల బదులు తెర మధ్య బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. ఈ కంప్యూటరులో ఈ ప్రోగ్రాం వాడటానికి అనుమతి లేదు, అమ్మినవారిని సంప్రదించండి, అని అందులో ఉంది. అమ్మినవాళ్ళకి ఫోను చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. కంపెనీ ఎప్పుడో మూసేసి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు.

డాక్టరు కంప్యూటరు పెట్టెను చంకనేసుకుని రిపేరు షాపుకి పరిగెత్తాడు. షాపు నడిపే ఆవిడ అంతా విని, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మీ ప్రోగ్రాంకి తాళం ఆ పాత కార్డేనండీ. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ పుట్టుకతో ఒక నంబరుంటుంది. అమ్మినవాళ్ళు ఆ నంబరుకే ముడేసి ఇచ్చుంటారు. అప్పట్లో చాలామంది అలాగే చేసేవారు. ఎక్కించిన రోజు పక్కన ఎవరున్నారు?"

"మా అన్నయ్య."

"ఆయనకి చెప్పే ఉంటారు, ఈ కార్డు తియ్యొద్దని. ముట్టుకునే ముందు ఆయన్నొక మాట అడక్కపోయారా?"

డాక్టరుకి మణికట్టు మీద ఆ పట్టు ఇంకా ఉన్నట్టే ఉంది.

ఆవిడ పాపం ధైర్యం చెప్పింది. "కంగారుపడకండి. నంబరు తెలిస్తే దాన్నే కొత్త కార్డుకి పెట్టెయ్యొచ్చు. పాత కార్డు స్టిక్కరు మీద ఉంటుంది."

"స్టిక్కరు... స్పిరిట్‌తో తుడిచాను."

"పోన్లెండి, మోడెంలో చూద్దాం. దానికి తగిలించినవాటి నంబర్లు గుర్తుపెట్టుకుంటుంది."

"పిన్ను గుచ్చి చెరిపేశాను."

"పాత సిస్టంలో?"

ఆ సిస్టాన్ని చెరిపేసిందీ తనే. ఎంత పద్ధతిగా, ఎంత జాగ్రత్తగా, ఒక్కొక్క ఆనవాలూ తన చేత్తోనే తుడిచిపెట్టాడో అప్పుడు లెక్క తేలింది.

"సరే, పాత కార్డే తెచ్చెయ్యండి. డ్రైవర్ నేను వెతికి పెడతాను" అంది ఆవిడ.

"అది పోయిందండీ. దీపం కూడా వెలగలేదు."

"పోలేదండీ. పాత కార్డులు కొన్ని డ్రైవర్ పడేదాకా దీపం కూడా వెలిగించవు. అది బాగానే ఉండుంటుంది. కొత్త సిస్టానికి దాని భాష రాదంతే."

డాక్టరు ఇంటికి పరిగెత్తాడు. రేకు డబ్బా నేల మీద బోర్లించి, విరిగిన సూదుల కుప్పలో చేతులు పెట్టి కెలికాడు. వేళ్ళలో సూదులు దిగినా ఆగలేదు. రెండు ముక్కలూ దొరికాయి. రక్తం అంటిన ఆ ముక్కల్ని షాపుకి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దీపం కింద తిప్పి తిప్పి చూసింది. విరుపు సరిగ్గా నంబరుండే చిప్ నడుమ నుంచి పోయింది.

"ఇదెలా విరిగింది?"

"నేనే విరిచాను."

"అయ్యో, ఎందుకండీ?"

ఏం చెప్తాడు? మా ఇంట్లో అదొక రూలని చెప్పాలా? చచ్చినదాన్ని చూసి ఎవడూ ఆశపడకూడదని మా అన్నయ్య అన్నాడని చెప్పాలా? మా అన్నయ్య అది చావలేదని ఉన్న ఒక్క చేత్తోనూ చెప్తుంటే, ఆకలేమో చూడమన్నానని చెప్పాలా? ముక్కలు రుమాల్లో మూటగట్టుకుని వచ్చేశాడు.

ఇంట్లో వదిన గుమ్మంలోనే ఎదురైంది. జరిగిందంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె గొంతు చించుకుని తిడితే బాగుండేది. రెండు చెంపలూ వాయిస్తే ఇంకా బాగుండేది.

"అందుకా ఆయన ప్లేయరు విసిరికొట్టింది" అని మాత్రం అంది.

"అన్నయ్యకి నేనెలా చెప్పను వదినా?"

"నువ్వు చెప్పేదేముంది? ముందు చెప్పింది ఆయనే కదా."

అయినా మనిషికి ఆశ చావదు. షాపావిడ వేరే కంపెనీ ప్రోగ్రాం ఒకటి ఇచ్చింది. పాతదానికంటే మంచిది, సులువైనది, చదవడం వస్తే చాలు ఎవరైనా నేర్చుకోవచ్చు అంది. చదవడం వస్తే చాలు! డాక్టరు దాన్ని ఎక్కించి, అన్నయ్య చేతిని తన చేత్తో ఎత్తి కీబోర్డు మీద పెట్టాడు. తెర మీద ఆకు ఉంది, అన్నయ్య ఆకే. అన్నయ్య దాన్ని చూసి కాస్త ముందుకు వంగాడు. చెయ్యి కదిలింది. అంచు కుట్లు పట్టుకునే మీట నొక్కింది. ఆకు మాయమైంది. మళ్ళీ నొక్కింది. తెర నిండా గళ్ళు పడ్డాయి. మెషీనుకు పంపే మీట నొక్కింది. ఏదో పెట్టె తెరుచుకుంది, నిండా అక్షరాలే. అన్నయ్య వేలు ఆ అక్షరాల మీద ఒకసారి పాకి ఆగిపోయింది.

"నేర్చుకుందువుగానీ అన్నయ్యా. నేను పక్కనే కూర్చుంటాను. ఒక్కో మీటా చూపిస్తాను, నీకెందుకు?" అతని గొంతు అతనికే అబద్ధంలా వినిపించింది.

అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చొక్కా మీద దుమ్ముంటే తుడుచుకున్నట్టు వేళ్ళు ఒళ్ళో రాసుకున్నాడు. అవతలి గదిలో మెషీన్లు పాత బొమ్మలేవో కుట్టుకుంటున్నాయి. వాటికి అన్నయ్యతో పని లేదు, వాటి పని అవి చేసుకోగలవు. డాక్టరు రుమాలు విప్పి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాడు. క్షమించమని అడగాలనుకున్నాడు, మాట రాలేదు. ఆ గదిలో మాట రాని మనుషులు ఇద్దరయ్యారు.

అన్నయ్య ఆ ముక్కల్ని ఎడమ చేత్తో దగ్గరికి జరిపాడు. అంచుకి అంచు చేర్చి కాసేపు నొక్కి పట్టుకున్నాడు. వేలు తీశాడు. అవి విడిపోయాయి. మళ్ళీ చేర్చలేదు. పక్కకి ఒరిగి, కిటికీ మేకు వైపు చెయ్యి చాచాడు. అందలేదు. "ఆఁ" అన్నాడు.

ఈసారి డాక్టరు ఆకలేమో అనుకోలేదు. లేచి వెళ్ళి ప్లేయరు తెచ్చి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని విసిరికొట్టలేదు. తీసుకుని బల్ల మీద పెట్టి, తన కీబోర్డుని, అక్షరాలు అరిగిపోయి నున్నబడిన ఆ కీబోర్డుని, తమ్ముడి వైపు నెట్టాడు. దాని తీగ పట్టుకుని ప్లేయరు మూతిలో పెట్టాడు. తలెత్తి చూశాడు. తప్పు కుడితే తాట తీసే చూపు అది.

"వద్దన్నయ్యా" అన్నాడు డాక్టరు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యకి ఎదురు చెప్పడం అదే మొదలు. "ఇది బాగానే ఉందన్నయ్యా. ఇది పోలేదు."

అన్నయ్య తన గుండె మీద చెయ్యేసుకున్నాడు. తర్వాత కీబోర్డుని ఇంకాస్త నెట్టాడు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య ఎదురుచూస్తున్నాడు. పోయింది కీబోర్డు కాదు, తనేనంటున్నాడని డాక్టరుకి తెలుస్తూనే ఉంది. ప్లేయరు అందుకుని, కళ్ళు మూసుకుని, తీగ కత్తిరించాడు. కీబోర్డుని మోకాలికి ఆనించి విరిచి డబ్బాలో వేశాడు.